మా వాడికి అందని మందు

ఇప్పుడా డాక్టరమ్మా, మా వాడి గురించి అడగడం? వాడు పోయి పదకొండేళ్ళయ్యాక?

అబ్బే, మిమ్మల్నేం అనడం లేదు. మీరప్పటికి ఇంకా చదువుకుంటూ ఉండుంటారు. ఓహో, మా చెల్లి రెండో బిడ్డని కనాలనుకుంటోందా? అందుకని ఇంట్లో ఇంకెవరికైనా పాపకున్న ఈ పుట్టుజబ్బుందా అని అడుగుతున్నారా? ఆహా. దానికి రెండోది కూడానా!

ఏం చెప్పింది మీకు? "మా అక్క కొడుకు నిమోనియాతో పోయాడు" అందా? అబద్ధమాడలేదు పాపం. కాగితం మీద అదే రాశారు. నాలుగేళ్ళ బతుకులో వాడికి ఏడుసార్లు నిమోనియా. ఒకాయన ఉబ్బసం అన్నాడు. ఇంకొకాయన క్షయ అని ఆర్నెల్లు మాత్రలు మింగించాడు. మూడో ఆయనైతే, "పిల్లాడికి సరిగ్గా తిండి పెట్టడం లేదేంటమ్మా?" అన్నాడు, నా మొహం మీదే! వాడు నాకంటే ఎక్కువ తినేవాడండీ. తిన్నది ఒంటికి పట్టేది కాదు, అంతే.

కుట్టుమిషన్ తొక్కుతూ వాడి దగ్గు వినేదాన్ని. తొక్కినా దగ్గే, ఆపినా దగ్గే. ఓ రోజు మిషన్ ఆపితే ఏమీ వినపడలేదు.

మరి మా చెల్లి కూతురికో? చేతికి ఆ చిన్న యంత్రం కట్టారు, నాలుగు చుక్కల చెమట పట్టారు. మధ్యాహ్నానికల్లా జబ్బుకో పేరు! నెల తిరక్కుండా ఆ పొడి మందు. మూడు నెలల్లో బుగ్గలొచ్చేశాయి దానికి. నిన్న ఇక్కడే మీ బల్ల పట్టుకుని లేచి నిలబడి కిలకిలా నవ్వింది, ఒక్క దగ్గు లేకుండా.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, కళ్ళల్లో నిప్పులు పోసుకుంటూ.

మీరు మా చెల్లి భుజం తట్టి, "తల్లి శ్రద్ధ వల్లే పాప గట్టెక్కింది" అన్నారు. అన్నారండీ, నేను పక్కనే ఉన్నాను. అంటే నా శ్రద్ధకేమొచ్చింది? వాడి వీపు తట్టీ తట్టీ నా అరచేతులు మొద్దుబారిపోలేదా?

ఓర్వలేనితనమే. పేరెందుకు మార్చాలి? చిన్నప్పుడు నా పాత గౌన్లే తొడుక్కుని పెరిగిందది. ఈ జబ్బు కూడా నా దగ్గర్నుంచే దిగిందనుకోండి. మందు మాత్రం దానికి కొత్తది.

ఏంటీ? మా వాడికీ ఇదే అయ్యుంటుందంటారా?

నాకు తెలుసు. మీకంటే ముందే తెలుసు.

పాపకి రెండో నెలప్పుడు, నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాను. పెదాలకి ఉప్పగా తగిలింది. మా వాడూ అచ్చం అంతే. "ఉప్పు బస్తా" అని పిలిచేదాన్ని ముద్దుగా. అది జబ్బు గుర్తని ఎవరూ చెప్పలేదు నాకు. కానీ ఆ పూట పాపని దించకుండానే ఇంకోసారి ముద్దు పెట్టి చూశాను, వాడి ఉప్పే దీనికీ.

"ఏంటక్కా, అలా అయిపోయావు?" అంది చెల్లి.

"ఏం లేదే" అన్నాను.

ఆరు నెలలు, డాక్టరమ్మా. పాప దగ్గితే "జలుబేలే" అన్నాను. రెండుసార్లు ఆస్పత్రిలో చేర్చారు, అప్పుడూ నోరు మెదపలేదు. పాపకి ఏదో అయిపోవాలని కాదు, ఒట్టు. నేను పడ్డది అదీ కాస్త పడాలని. ఇంట్లో నాలాంటిది ఇంకొకతె ఉండాలని.

పాప ఎడమ ఊపిరితిత్తిలో కింది ముక్క ఇక బాగుపడదన్నారుగా మీరు? ముందే తీసుకొస్తే దక్కేదన్నారుగా? ముందే తీసుకొచ్చేది. నేనొక్క మాట అనుంటే.

రాసుకోండి, మా వాణ్ణీ రాసుకోండి. మిగతాది మా చెల్లికి చెప్తారో మానేస్తారో మీ ఇష్టం. నావల్ల కాదు.

అదుగో, వస్తోంది. రాగానే పాపని నా చేతుల్లో పెడుతుంది, "పెద్దమ్మ దగ్గర ఉండమ్మా" అని. ఎత్తుకుంటాను. వద్దంటే ఎందుకని అడుగుతుంది కదా?