ఉరుకుందప్ప కట్టిన గొలుసు

ఈ కత నాకు మొదట చెప్పింది ఉరుకుందప్ప పెండ్లాం సుంకులమ్మ. ఆమె నోట్లో కల్ల పుట్టదు, అట్లనే రాసుకో. సంతలో చెప్పేటోళ్ళు ఇంకో రకంగా చెప్తారు, వాండ్ల నాలికలు పుచ్చ. ఉరుకుందప్ప అంటే ఎవురనుకున్నారు? చిన్నపరెడ్డి జీపును ముప్పై ఏండ్లు నడిపినోడు. నాలుగు చక్రాలూ లాగే పాతకాలపు జీపది. మా ఊరికీ టౌనుకీ మధ్యన నక్కలకనుమ ఉండాది కదా, వానలో ఆ కనుమ ఎక్కేది అదొక్కటే. కానుపు కష్టమైన ఆడోళ్ళందర్నీ అదే ఆసుపత్రికి మోసింది. తల్లీబిడ్డా బతికొచ్చినారంటే, ఆ బిడ్డ మొదటి గజ్జె ఒకటి తెచ్చి జీపు ఎనక కమ్మీకి కడతారు. అది మా ఊరి మొక్కు. అరవై పైన ఉండాయనుకో. జీపొస్తా ఉంటే జాతరొచ్చినట్టే.

ఏమైందంటే, ఒక ఆషాడంలో ఉరుకుందప్పకు బండి తేడాగా తోచింది. అప్పటికే ఆయప్పకు చెవులు సగం పోయినాయి. పోతే పోనీ, ముప్పై ఏండ్లు కూచున్న సీటు, నడుముకు తెలీదా? ఎడమపక్క ఎనక చక్రం గుంతలో పడినప్పుడల్లా ఏదో కిర్రుమని ఎన్నుపూసలోకి వస్తా ఉండాదంట. పోయి రెడ్డితో చెప్పినాడు, బండిలో యాడనో మూలుగుండాది రెడ్డీ, ఒక్కపొద్దు నిలబెట్టు, నేను ఎతుకుతా అని. రెడ్డి పడీపడీ నవ్వినాడంట. "చెవిటోడు చప్పుడు పట్టిస్తాడంట, ఇనండ్రా! మాకెవురికీ ఇనబళ్ళే, నీకు యాడ ఇనబడిందప్పా?" అంటే, "అరవై గజ్జెలు మోగుతా ఉంటే మీకెట్ల ఇనబడ్తాది రెడ్డీ" అన్నాడంట ఈయప్ప.

సరే, నిలబెట్టినారు. ఇంగ సూడండి ఆయన పని. చప్పుడు చేసేదాన్నంతా దించినాడు. జాకీ దించినాడు, పానాల డబ్బా దించినాడు, స్టెప్నీ దించినాడు, ఎనక తలుపు గొలుసుకు గుడ్డ చుట్టినాడు. ఒక్కోటి దించేది, సుంకులమ్మ ఎనకనుంచి బండి ఊపేది. ఒక్కోటి దించేది, ఊపేది. మూలుగు పోలే. ఇంగ గజ్జెలు మిగిలినాయి. వాటినీ ఇప్పినాడు. ఇప్పి, ఏది ఎవురి బిడ్డదో గుర్తుపెట్టుకోని, తెల్లగుడ్డ మీద వరసగా పెట్టినాడు. నేలన పారేసినాడని చెప్తారే, ఆ చెప్పినోని నోట్లో మన్ను పడ! గుడ్డ పరిచింది సుంకులమ్మే కదా, ఆమెకు తెలీదా? అప్పుడు వేపకట్టె ఒకటి తీసుకోని, ఒక కొన పండ్లతో కరిచిపట్టి, ఇంకో కొన కమాన్ పట్టీలకు ఆనించినాడు. కమాన్ పట్టీలంటే చక్రాల కాడ ఒకదానిమీదొకటి పేర్చిన ఇనుప పట్టీలు, బండి బరువంతా వాటిమీదే. చెవి మోసం చేసినా పన్ను మోసం చెయ్యదబ్బా. ముందు ఆ పట్టీల కొసల్లో ఉండే రబ్బరు బుష్షుల మీద నీళ్ళు పోసినాడు. రబ్బరు మూలుగైతే నీళ్ళు పడితే కాసేపు ఆగుతాది. ఆగలే. సుత్తితో కుడిపక్క పట్టీని కొడితే కంగుమని పండ్లలో మోగింది. ఎడమపక్క కొడితే పగిలిన కుండ మాదిరి దబ్బుమనింది. అంతే, తెలిసిపాయె. అన్నిటికన్నా పైనుండే పెద్ద పట్టీ లోపల పగిలిండాది. కంటికి కనపడేది కాదు.

ఆ మాట చెప్పేలోపలే ఆడోళ్ళు గుడ్డమీద గజ్జెలు సూసినారు. ఇంగేముంది, ఊరు లేచింది. ఈరమ్మ అని ఒక నిండు చూలాలు ఉండె, ఆమె అత్త ముందుకొచ్చి "నీ చేతులు పడిపోను, నా పెద్ద మనవని గజ్జె ఇప్పుతావా?" అని మీదికొచ్చింది. "నీ కోడల్ని ఎక్కించాల్సింది ఈ బండే కదా వదినా, అందుకే ఇప్పినా" అన్నాడీయప్ప. ఎవురింటారు? రెడ్డి అల్లుడు శేషిరెడ్డి, టౌన్లో బండ్లు బాగుచేసే షెడ్డుండేటోడు, ఆపొద్దు ఊర్లోనే ఉండె. పండుకోని కిందికి తొంగి కూడా సూళ్ళేదు ఆ మహానుభావుడు! "పట్టీలు ఎండిపోయినాయి మామా, ఇంతేగా" అని డబ్బాడు నూనె పోసినాడు. మూలుగు ఆగిపాయె. "యాడుండాదప్పా నీ మూలుగు?" అని అందరూ నవ్వినారు. ఉరుకుందప్పకు ఒళ్ళు మండిపాయె. "ఏడ్సే బిడ్డ నోరు మూస్తే కడుపునొప్పి పోతాదా శేషిరెడ్డీ?" అన్నాడు. రెడ్డి ఏం చేసినాడంటే, ఆయప్ప చేతిలో తాళం గుంజుకోని అల్లునికిచ్చినాడు. ముప్పై ఏండ్ల చెయ్యి అది. ఇంటికి పోయి పండుకో పో అన్నాడు.

ఇంటికి పోయేటోడే. అంతలో ఈరమ్మకు నొప్పులొచ్చె. ఆడోళ్ళు గజ్జెలు మళ్ళీ కడతా ఉండారు, మగోళ్ళు బొంతలు పరుస్తా ఉండారు. ఉరుకుందప్ప తన ఎద్దును కట్టే గొలుసు, ఒక చింతమొద్దు తెచ్చి బండి కిందికి దూరినాడు. చక్రాల ఇరుసుకూ పైన బండి చట్రానికీ మధ్యన ఆ మొద్దు ఇరికించి, రెండిట్నీ గొలుసుతో బిగించి కడతా ఉండాడు. రెడ్డి ఆయన కాళ్ళు సూసి "ఏం ఊడబెరుకుతా ఉండావురా కింద?" అన్నాడంట. ఈయప్ప గొలుసు ఇంకో చుట్టు బిగించినాడు. చెవిటోనికి ఇనబళ్ళేదనుకున్నారు. ఇనబడింది.

సుంకులమ్మ ఈరమ్మను ఒళ్ళో పట్టుకోని బండెక్కింది. కనుమలో మూడో మలుపుకాడ పట్టీ తుపాకీ పేలినట్టు తెగిపాయె. బండి ఎడమకు ఒరిగె. ఇరుసు జానెడు ఎనక్కి జారి, గొలుసుకాడ నిలిచిపాయె. గొలుసు లేకుంటే చక్రమూ బండీ లోయలోనే. శేషిరెడ్డికి గేరే పడలేదంట! "నడిచినంత నిదానంగా పోనీ నాయనా, మా ఆయన కట్టినాడు, తెగదు" అని సుంకులమ్మే ధైర్యం చెప్పి నడిపించింది. ఆసుపత్రికి చేరినారు. ఆడబిడ్డ పుట్టె, తల్లీబిడ్డా బాగుండారు.

ఆ శేషిరెడ్డి చేసిన పని ఇనండి. పట్టీ మార్చేటప్పుడు ఆ గొలుసు ఇప్పి షెడ్డులో దాచిపెట్టి, ఊర్లోకొచ్చి, గజ్జెలు కాపాడినాయి, అవి ఇప్పినందుకే పట్టీ తెగింది అన్నాడు. ఊరంతా తలూపింది. సుంకులమ్మ అరిచి అరిచి చెప్పింది, మొగునికోసం చెప్తాదిలే అన్నారు. ఉరుకుందప్ప షెడ్డుకు పోయి తెగిన పట్టీ తెచ్చి రచ్చకట్ట మీద పెట్టినాడు. తెగినచోట సగం మెరుస్తా ఉండె, సగం నల్లగా తుప్పుపట్టిండె. "మెరిసేది నిన్న తెగింది. తుప్పుది ఎప్పుడో పగిలింది. ఒక్కపొద్దుకే తుప్పు పడతాదా, చెప్పండ్రా!" అన్నాడు. ఒక్క నాకొడుకు వంగి సూళ్ళే. మళ్ళీ ఆ బండి ముట్టుకోకుండానే, ఆ నింద మోసుకునే కన్నుమూసినాడు ఆయప్ప.

మూడో మలుపుకాడ ఇప్పుడొక బండ నాటినారు, గజ్జెల మహిమ అని చెక్కి, కింద శేషిరెడ్డి పేరు. శేషిరెడ్డి బతికే ఉండాడు, పోయి అడగండి, నా ముందర మాట్లాడమనండి. నాకు ఏలిముద్ర తప్ప రాదు. రాసేది వచ్చినోళ్ళు ఎవురైనా సరే, ఆ పేరు చెరిపి, చూలాల్ని కాపాడింది ఉరుకుందప్ప అని చెక్కించండప్పా. నేను బతికుండంగానే.