జేబులో పుస్తెలు

కొత్తగా కాలనీలు లేస్తున్న దిల్‌సుఖ్‌నగర్‌లో, ఇంకా ఇళ్లు కట్టని ప్లాట్ల మీద వేసిన షామియానాలో, ఏటా జరిగే నగర కళోత్సవాల నాటకం నడుస్తోంది. స్టేజీ మీద ఉన్నది అతని భార్య. పక్క కుర్చీలో ఉన్న తల్లి ఏమడుగుతుందోనని అతనికి ఇందాకటి నుంచీ గుబులుగానే ఉంది.

“కోడలి మెడల ఉన్నది మన పుస్తెలతాడు కాదు కదరా.”

“అది నాటకందమ్మా. ఉత్త పసుపుతాడు.”

“మరి మనది?”

“నా జేబుల ఉన్నది.”

“మొగుడు బతికుండంగనే తీసిచ్చిందా? నువ్వు జేబుల ఏస్కున్నవా?”

“జర మెల్లగ. అందరు చూస్తున్నరు.”

“గిప్పుడు ఏమైతది ఆటల?”

“ఆమె మొగుడు సచ్చిపోయిండు. పుస్తెలు తెంపనీకి వస్తరు.”

“నేను చూడ. లే, ఇంటికి పోదాం.”

తల్లి లేచి నిలబడింది. స్టేజీ మీద ఒక ముసలామె తాడు తెంపడానికి చెయ్యి చాచింది. కోడలు ఆ చేతిని గట్టిగా పట్టుకుని, “ముట్టకండి,” అంది.

“కూసో అమ్మా. వెనకోళ్లకు కనవడ్తలేదు.”

తల్లి కూర్చుంది. తన బోసి మెడను చాలాసేపు తడుముకుంది.

“గట్ల వద్దనొచ్చునా, కొడుకా?”

“నాటకంల అంటరమ్మా.”

“మీ నాయిన పోయిననాడు నాకు గా సంగతి తెల్వకపాయె.”