చివరగా వచ్చే హిల్డా

రా బెత్, తలుపు కాస్త గట్టిగా తోసుకుని రా, వానకి ఉబ్బి బిగుసుకుపోయింది. బూట్లు విప్పక్కర్లేదులే, ఈ నేల ఎన్ని బూట్ల బురద చూళ్ళేదు. ఆ కుర్చీ లాక్కుని కూర్చో, టీ పెడతాను. నువ్వు లేవకు, నా వంటింట్లో నేను తిరగగలను, కాస్త నెమ్మది, అంతే. ఏం పనిమీద వచ్చావో తెలుసులే. మన నడక సంఘం వాళ్ళు పంపించారు. 'మార్జరీ మోకాళ్ళు బాగా దెబ్బతిన్నాయి, ఆదివారం నడకలకి ఇక రావద్దని మెత్తగా చెప్పి రా' అన్నారు, అవునా. కొత్తగా జట్టుని నడిపించబోయే పిల్లవి, నీ మాటైతే కాదనలేనని వాళ్ళ ఎత్తు. ముఖం అలా పెట్టకు, తిట్టన్లే. చెబుదువుగాని. నువ్వు చెప్పే ముందు నేనొక మనిషి సంగతి చెప్పాలి. హిల్డా బ్రాక్ పేరు విన్నావా? ఆఁ, రైల్లో పోయిన ఆవిడ. అంతే కదూ మీకు తెలిసింది. సంఘంలో అందరికీ అంతే తెలుసు.

సంత వీధి చివర మాంసం కొట్టు వాల్టర్ బ్రాక్ ఉండేవాడు, ఆయన చెల్లెలు. ఆ కొట్టులో ఇప్పుడు చెవిటి మిషన్లు అమ్ముతున్నారు చూడు, అదే. నాదీ అక్కడే కొన్నాను, పనికిమాలింది, ఎప్పుడూ ఈల వేస్తుంటుంది. హిల్డా పెళ్ళి చేసుకోలేదు. అమ్మనీ నాన్ననీ చూసుకుంది, వాళ్ళు పోయాక అన్నయ్యని చూసుకుంది. చూసుకోవడం అన్నది పేరుకి, చేసింది చాకిరీ. ఆ వాల్టర్ నోరు విప్పితే వంకే. చారు పల్చన, మాంసం గట్టి, దుప్పటి చల్లన, ఏదో ఒకటి. కొట్టుకొచ్చిన ఆడవాళ్ళతో మాత్రం ఎంత మర్యాదో, 'ఇంకో ముక్క వెయ్యమంటారా అమ్మగారూ' అని. ఇంట్లో అడుగుపెడితే ఆ మర్యాద కత్తితో పాటు కొట్టులోనే వదిలేసి వచ్చేవాడు. హిల్డా ఒకసారి రైల్లో నా పక్కన కూర్చుని అంది, 'ఆదివారం మా ఇంట్లో గోడ గడియారం చప్పుడు తప్ప ఇంకేం ఉండదు మార్జరీ. వారమంతా ఈ గుట్టల కోసమే బతుకుతాను' అని. నవ్వుతూనే అంది. ఆవిడ అన్నీ నవ్వుతూనే అనేది, అందుకే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. పొద్దున్నే లేచి, మాంసం సన్నసెగ మీద పొయ్యిలో పెట్టి, బంగాళాదుంపలు చెక్కు తీసి నీళ్ళలో వేసి, ఆయన చొక్కా ఇస్త్రీ చేసి, అప్పుడు స్టేషనుకి వచ్చేది. పరుగెత్తుకుంటూ వచ్చేది. అంటే మేం మొదలుపెట్టకముందే ఆవిడ సగం రోజు నడిచేసేదన్నమాట.

పాల గిన్నె ఎక్కడ పెట్టాను? ఆ, ఇక్కడ.

అప్పట్లో మాకు సిరిల్ ఓల్డ్‌రాయిడ్ ఉండేవాడు జట్టుకి పెద్ద. రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. మెడలో ఈల, చేతిలో కర్ర, జేబులో టైమ్‌టేబులు. మంచివాడే తల్లీ, నేను కాదనను. ఈ లైను మూసేస్తారని పుకారు వస్తే, ఊరూరా తిరిగి, కనిపించిన ప్రతివాడి చేతా సంతకం పెట్టించి, ఆదివారం బండి వేయించింది ఆయనే. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఒక స్టేషన్లో దిగడం, గుట్టలెక్కి దిగి పక్క స్టేషనుకి నడవడం, సాయంత్రం బండెక్కి ఇంటికి రావడం. సాయంత్రం బండి తప్పితే మళ్ళీ సోమవారమే. 'బండి మనకోసం ఆగదు, మనమే బండికోసం నడవాలి' అనేవాడు, ప్రార్థన మందిరంలో వాక్యం చదివినట్టు. మా ఆయన లెన్ సిరిల్‌ని అచ్చం అనుకరించేవాడు, గడ్డం పైకెత్తి, ముక్కుతో. లెన్ అలా చేస్తుంటే ఒకసారి సిరిల్ వెనకే నిలబడి ఉన్నాడు, నవ్వాపుకోలేక నేను గొర్రెల తొట్టెలో పడబోయాను. సరే, ఏం చెబుతున్నాను? ఆఁ, బండి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా బండి తప్పలేదని ఆయనకి మహా గొప్ప. వాళ్ళావిడ ఒక్కనాడూ నడవలేదు, ఇంట్లో సుఖంగా కూర్చునేది. తెలివైనది.

హిల్డా ఎప్పుడూ చివర. కురచ మనిషి, కాస్త ఒళ్ళు, ఊపిరి ఆడేది కాదు. డాక్టరు ఏదో అన్నాడట, ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెబుతుంది? అంతకుముందు ఏడాది ఉబ్బసం ఉన్న ఒకాయన్ని సిరిల్ ప్లాట్‌ఫారం చివరికి తీసుకెళ్ళి భుజం మీద చెయ్యేసి మాట్లాడాడు. ఆ తరవాత ఆయన మళ్ళీ రాలేదు. హిల్డా ఇదంతా చూసింది. చూసి, ఆ మరుసటి వారం నుంచి అల్లం కేకు చెయ్యడం మొదలుపెట్టింది. పెద్ద రేకు డబ్బా నిండా, జట్టంతటికీ. అసలే నడవలేని మనిషి, ఆ బరువు కూడా వీపుకెత్తుకుని గుట్టలెక్కేది. మేమేమో 'హిల్డా కేకు లేకపోతే నడకేమిటి' అని తినేవాళ్ళం. ఆవిడ ముఖం వెలిగిపోయేది. ఆ కేకు ఆవిడ మాకు కట్టిన సుంకం, బెత్. ఆ ఒక్క ఆదివారం మాతో రానిచ్చినందుకు.

ఇప్పుడు విను, అసలు సంగతి ఇదీ. ఎవరైనా వెనకపడితే ఆగాలని మా పద్ధతి. మీదీ అదే కదా. గోడ దాటే రాతిమెట్ల దగ్గరో, గుట్ట మీదో సిరిల్ ఈల వేసేవాడు, అందరం కూలబడేవాళ్ళం. ఫ్లాస్కులు తీసి టీలు, పంది మాంసం కూరిన రొట్టెలు, బూట్లు విప్పి వేళ్ళు ఆరబెట్టుకోవడాలు. కింద ఎక్కడో హిల్డా ఎర్ర టోపీ కనిపించేది, మెల్లగా, మెల్లగా. మేం చేతులూపేవాళ్ళం. 'నెమ్మదిగా రావమ్మా, ఏం తొందర లేదు, నీకోసమే కూర్చున్నాం' అని అరిచేవాడు సిరిల్. ఆవిడ రొప్పుతూ వచ్చి మెట్లు పట్టుకోగానే, 'ఆఁ, హిల్డా వచ్చేసింది, పదండి ఇక' అనేవాడు. అందరం లేచేవాళ్ళం. గాలి తీసుకున్నాం, టీ తాగాం, కాళ్ళకి ఓపికొచ్చింది. ఎవరో ఆవిడ చేతిలో ఒక పిప్పరమెంటు పెట్టేవారు, 'భేష్ హిల్డా' అని వీపు తట్టేవారు. నడక మొదలు. ఆవిడ కూర్చోనే లేదు. అర్థమైందా? ముందున్నవాళ్ళకి విశ్రాంతి, వెనకున్న మనిషికి లేదు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆవిడ ఒక్కసారి కూడా కూర్చునేది కాదు. రొట్టె నడుస్తూనే తినేది. ఎవరైనా 'కాసేపు ఆగుదామా' అంటే, 'నాకోసం ఆగకండి, నేను బాగానే ఉన్నా' అనేది. ఆగుదామంటే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. ప్లాట్‌ఫారం చివరికి తీసుకెళతారు, భుజం మీద చెయ్యేస్తారు.

చక్కెర ఒకటేనా? మర్చిపోతుంటాను.

ఆవిడ పోయిన రోజు, గార్స్‌బెక్ స్టేషన్లో దిగి స్కార్‌హెడ్ స్టేషనుకి నడక. అక్టోబరు. ముందు రోజంతా వాన కురిసి, వాగు మీద దాటే రాళ్ళు మునిగిపోయి ఉన్నాయి. సిరిల్ కర్రతో పొడిచి చూశాడు, లోతు. ఇక వంతెన దాకా చుట్టు తిరిగి పోవాలి, ఆ ఒడ్డంతా చిత్తడి, అడుగు వేస్తే చీలమండ దాకా దిగబడుతుంది. ఆలస్యమైపోయింది. అప్పట్నుంచీ సిరిల్ టైమ్‌టేబులు తీయడం, పెట్టడం. ఆగే సమయం కూడా తగ్గిపోయింది, ఆవిడ ఎర్ర టోపీ మలుపులో కనపడితే చాలు, 'వస్తోంది, పదండి'. చివరి గుట్ట దిగుతుంటే కింద లోయలో స్టేషను దీపం కనిపించింది, అవతల బండి పొగా కనిపించింది. అప్పటికి డీజిలే, అయినా అందరం పొగే అనేవాళ్ళం. సిరిల్ కుర్రకాళ్ళవాళ్ళని ముందు తరిమాడు, 'వెళ్ళి గార్డుతో నా పేరు చెప్పి ఆపండి' అని. గార్డు ఈయన పాత స్నేహితుడు, ఆపాడు. మేం ఒక్కొక్కళ్ళం రొప్పుతూ ఎక్కాం. చూస్తే హిల్డా ఇంకా రెండు పొలాల అవతల.

బండి మొత్తం ఆవిడకోసం ఆగిందమ్మా. అంత గౌరవం ఆవిడకి బతుకులో ఎప్పుడూ జరగలేదు. కిటికీలన్నీ దించేసి తలలు బయటపెట్టి అరిచారు జనం. 'పరుగెత్తు హిల్డా, పరుగెత్తు' అని. మాకు తెలియనివాళ్ళు కూడా, సంతనుంచి వస్తున్నవాళ్ళు, సైనికులు ఇద్దరు, అందరూ. ప్రేమతోనే అరిచారు. ఆవిడ పరుగెత్తింది. వీపు మీద డబ్బా ఎగిరెగిరి పడుతోంది, టోపీ ఎక్కడో పడిపోయింది, తీసుకోడానికి ఆగలేదు. గార్డు రెండు చేతులూ పట్టి పైకి లాగాడు. పెట్టెంతా చప్పట్లు. సిరిల్ కళ్ళలో నీళ్ళు. 'తప్పలేదు, ఈసారీ తప్పలేదు' అంటున్నాడు. ఆవిడ మూల సీట్లో పడింది. ముఖం సున్నం. నవ్వుతోంది. 'అందర్నీ ఆపేశాను, ఏమనుకోకండి' అంది. అని, డబ్బా మూత తీసి, 'ఇందండి, ఇవాళ తినడానికి తీరికే లేకపోయింది' అని అందరికీ అందించింది. డబ్బా అలా పెట్టెంతా తిరిగింది. ఖాళీ అయి మళ్ళీ ఆవిడ ఒళ్ళోకి వచ్చేసరికి కళ్ళు మూసుకుని ఉంది. 'పాపం అలిసిపోయింది, పడుకోనివ్వండి' అన్నారెవరో. గొంతులు తగ్గించాం. సిరిల్ తన కోటు తీసి కప్పాడు. మేం మెల్లగా మాట్లాడుకుంటూ, కేకు తింటూ ఇంటికొచ్చాం. ఊళ్ళో దిగేటప్పుడు లేపబోతే, ఎప్పుడు పోయిందో పోయింది. ఏ రెండు స్టేషన్ల మధ్య పోయిందో కూడా ఎవరికీ తెలియదు. మొదటిసారి కూర్చుంది, అంతే.

వాల్టర్‌కి చెప్పడానికి సిరిల్, మా లెన్ వెళ్ళారు. తలుపు తీస్తూనే, భోజనానికని మెడలో తుండుగుడ్డ కట్టుకుని ఉన్నాడట, ఎవరొచ్చారో చూడకుండానే 'ఇంత ఆలస్యమా, ఎండి కట్టెయింది మాంసం' అన్నాడట. లెన్ ఆ మాట నాకు చెప్పి ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఒకటి మాత్రం చెప్పాలి, వాల్టర్ ఆ తరవాత రెండేళ్ళు కూడా బతకలేదు. ఎవరు వండిపెడతారు మరి.

అంత్యక్రియలప్పుడు సిరిల్ మాట్లాడాడు. 'మేం హిల్డాని ఒక్కనాడూ వదిలి వెళ్ళలేదు. ప్రతిసారీ ఆగాం' అన్నాడు. అందరం తలలూపాం. నిజమే కదా. నలభై ఏళ్ళపైన అదే నిజమనుకున్నాను. ఇదిగో, ఈ మోకాళ్ళు పోయి, నేను చివరదాన్నయ్యాక తెలిసింది. పోయిన వసంతంలో, గుట్ట మీద మీరంతా కూర్చుని నావైపు చేతులూపుతుంటే, 'నీకోసమే ఆగాం మార్జరీ' అని అరుస్తుంటే, నేను వచ్చి గోడ పట్టుకోగానే మీరు లేచి బట్టలు దులుపుకుంటుంటే, అప్పుడు తెలిసింది. ఒళ్ళు మండిపోయింది తల్లీ. మీ మీద కాదు. ఎవరి మీదో తెలియలేదు. అంత మంచివాళ్ళం, అంతమందిమి, ఒక్కళ్ళకీ తట్టలేదు.

ఆవిడ పోయాక సంఘం నేర్చుకున్నదేమిటో తెలుసా? జట్టుతో సమానంగా నడవలేనివాళ్ళు రావద్దు. అదీ. హిల్డా పేరు చెప్పే ఆ నియమం పెట్టారు, 'మళ్ళీ అలాంటిది జరక్కూడదు' అని. ఆవిడ పేరు చెప్పి ఎంతమందిని ఇంటికి పంపారో. ఇప్పుడు నాకు చెప్పడానికి నిన్ను పంపారు. నేను బండి ఆపమనను. నన్ను మొయ్యమనీ అనను. నెమ్మదిగా పొమ్మనీ అనను, మీ కాళ్ళు మీరు నడవండి. నేను వచ్చి కూర్చున్నాక కాసేపు మీరు కూర్చునే ఉండండి. అంతే నేనడిగేది. నేను లేచాక లేవండి. దానికి ఖర్చేముంది? చెప్పు. నువ్వు కదా ఇక నుంచి ఈల వేసేది.

ఏమిటీ? కాస్త గట్టిగా చెప్పు, నా చెవిలోది ఈల వేస్తోంది.

ఓహో. తీర్మానం అయిపోయిందా. మొన్ననే. అందరూ ఒప్పుకున్నారా? నువ్వూనా?

సరే. సరేలే, ఏడవకు. నీ తప్పేముంది, పిల్లదానివి. బీమావాళ్ళు, ఆ గొడవలు, నాకు తెలీదా. నాకు ఒకటే అర్థం కావడం లేదు, ఆదివారం పొద్దున లేచి నేనేం చెయ్యాలి. లెన్ కూడా లేడు. పోనీలే, అదంతా నీకెందుకు.

ఇదిగో నీ టీ. జాగ్రత్త, వేడి. నాది కూడా తెచ్చుకుని, ఆఁ, ఈ బల్ల పట్టుకుని, ఇలా. అమ్మయ్య.

అదేమిటి, అప్పుడే కోటు తొడుక్కుంటున్నావ్? నేనిప్పుడే కదా బెత్ కూర్చున్నాను.