రచయిత్రి నాగేశ్వరి గారికి సన్మానం

1975 చివర్లో ఒక ఆదివారం పొద్దున, బాలానగర్‌లోని ఫ్యాక్టరీ క్వార్టర్స్. భీమేశ్వరరావు చేతిలో ఆ వారం పత్రిక ఉంది, భార్య రత్నమాల చేతిలో బియ్యపు చేట ఉంది. ఆయన రెండో కాఫీ అడగనప్పుడే, ఇంకేదో అడగబోతున్నారని ఆవిడకు తెలిసిపోయింది.

“బాగుందనే అన్నాను కదండీ.”

“ఆ అనడంలోనే ఉంది రత్నా. మా అక్కయ్య పంపిన చీరని కూడా ఇలాగే బాగుందన్నావు. ఇప్పుడెక్కడుంది అది?”

“గుమ్మం దగ్గర. కాళ్లు తుడుచుకోవడానికి బాగుంది.”

“చూశావా మరి. ఊరంతా గురువారం ఎప్పుడొస్తుందా అని ఈ సీరియల్ కోసం చూస్తోంది. నువ్వేమో ఒక్క ముక్కలో తేల్చేస్తావు.”

“సరే, అడిగారు కనక చెబుతున్నాను. ఈ నాగేశ్వరి గారికి జడ లేదండీ.”

“ఏమిటీ?”

“ఉంటే, తలంటుకుని లేచిన హీరోయిన్ చేత తడిజుట్టుకే బిగించి జడ వేయించదు. వాసనొస్తుంది.”

“అదేదో చిన్న పొరపాటు.”

“పట్టుచీర కట్టుకుని కుంపటి అంటిస్తుంది. ఏడుపొచ్చినప్పుడల్లా పనిగట్టుకుని అద్దం ముందుకెళ్లి ఏడుస్తుంది. ఏ ఆడదానికండీ అంత తీరిక?”

“అద్దం అంటే ఉత్త అద్దం కాదు. అది ప్రతీక.”

“కావచ్చు. నేను బి.ఏ.లో చరిత్ర తీసుకున్నాను.”

“తప్పులు పట్టడమేనా? ఈ వారం స్టేషన్ సన్నివేశం చూడు. మా ఆఫీసులో టైపిస్టు చదివి కళ్లు తుడుచుకుంది.”

“నేనూ చదివాను.”

“చదివి?”

“బియ్యం ఏరుకుంటున్నాను.”

“రత్నమ్మా, ఉన్నవా?”

“ఉన్నాను భూలక్ష్మీ. పక్కింటి దానివి, గుమ్మంలోంచి రావచ్చు కదా, గోడ మీంచి పిలుస్తావెందుకు?”

“పొయ్యి మీద పప్పున్నదమ్మా, జల్ది పోవాలె. పుస్తకమొచ్చిందంట గద. గామె ఏమైంది? ఇల్లిడిసి టేషన్‌కు పోయె గద పోయిన వారం.”

“ఇంటికి తిరిగి వచ్చేసింది.”

“వాపసొచ్చిందా? ఎందుకొచ్చింది?”

“ప్లాట్‌ఫారం మీద ముసలి దంపతులు బత్తాయి తొనలు ఒలిచి ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుంటున్నారట. అది చూసి మనసు కరిగిపోయింది.”

“గదేంది? ఎవలో బత్తాయి తింటుంటె సూసి వాపసొస్తదా? నాకైతె బత్తాయి తినబుద్ధయితది గంతె.”

“నాకూ అలాగే అనిపించింది.”

“గట్ల రాసినామె ఎవలో గని, ఉత్త ఎడ్డిది. పెట్టె సదురుకొని పోయినోళ్లు ఉత్తగ వాపసొస్తరా? నువ్వేమంటవు సారూ?”

“నీ పప్పు మాడుతోంది భూలక్ష్మీ.”

“అవ్వో, పోతున్న పోతున్న. రత్నమ్మా, మాపటికి మొత్తం సదివి చెప్పాలె నాకు.”

“చెబుతాలే, వెళ్లు.”

“పోయిందా?”

“పోయింది. మీ ముఖం అలా అయిపోయిందేమిటండీ? తిట్టింది నాగేశ్వరి గారిని కదా.”

“రత్నా, నీతో ఓ సంగతి చెప్పాలి. అది, ఆ నాగేశ్వరి...”

“మీరే.”

“నీకు తెలుసా? ఎప్పణ్నుంచి?”

“మూడో వారం నుంచి. హీరో పొద్దున్నుంచి రాత్రిదాకా ఒక్క పనీ చెయ్యడు, అందరూ ఆయన్ని మెచ్చుకుంటూ ఉంటారు. పైగా రోజూ ఉప్మాలో జీడిపప్పు.”

“తెలిసీ ఇన్నాళ్లూ...”

“మీరు చెప్పలేదు కదా. మీ గుట్టు నాకెందుకని ఊరుకున్నాను.”

“నా పేరుతో పంపితే రెండుసార్లు తిప్పికొట్టారు. ఆడపేరు పెట్టి పంపాను, వెంటనే వేసుకున్నారు. ఇప్పుడంతా రచయిత్రుల కాలం.”

“సంతోషం. ఇంకో కాఫీ కావాలా?”

“కాఫీ సంగతి తరవాత. వచ్చే ఆదివారం సుల్తాన్‌బజార్‌లో పాఠకుల సభ ఉంది. నాగేశ్వరి గారికి శాలువా కప్పుతారట. ఎన్నాళ్లని తప్పించుకోను, వస్తుందని రాసేశాను.”

“ఎవరు వస్తారు?”

“నువ్వు.”

“మీరే వెళ్లండి. పట్టుచీరలో కుంపటి అంటించిన వారు, సభకి వెళ్లలేరా?”

“ఎగతాళి కాదు రత్నా. ఫ్యాక్టరీలో అనుమతి తీసుకోకుండా రాశాను. అసలే ఎమర్జెన్సీ, రోజులు బాగా లేవు. ఎవరి మీద చిన్న పితూరీ వెళ్లినా ఇంటికి పంపించేస్తున్నారు. ఉద్యోగం పోతే ఈ క్వార్టరూ పోతుంది. నువ్వొచ్చి గంటసేపు కూర్చుంటే గండం గడుస్తుంది.”

“కూర్చోవడమేనా?”

“నాలుగు ముక్కలు మాట్లాడాలి. ఆ స్టేషన్ సన్నివేశం మీకెలా తట్టిందమ్మా అని అడుగుతారు, అదొక్కటి చెబితే చాలు. నీ అనుభవమే కదా.”

“నా అనుభవం.”

“పోయినేడాది నువ్వు సికింద్రాబాద్ స్టేషన్ దాకా వెళ్లి తిరిగి రాలేదూ? దాన్నే కాస్త...”

“కాస్త. ఆ ముందు రోజు మన ఇంటికి మీ మేనేజరు గారూ భార్యా వచ్చారు. మా ఆవిడ బి.ఏ. పట్టా ఊరగాయ జాడీకి వాసెన కట్టుకోవడానికి పనికొచ్చిందన్నారు మీరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, పకోడీలు వడ్డించి, తెల్లారాక పెట్టె సర్దుకున్నాను. కథలో ఆవిడేమో ఉత్తి అనుమానపు మనిషి. మరి ఆ జాడీ ఏమైంది?”

“హీరో మీద చదివేవాళ్లకి సానుభూతి ఉండాలి కదా.”

“పాపం, తక్కువైంది ఆయనకి.”

“సరే, తప్పే. మార్చాను. కానీ నువ్వు తిరిగి రావడం అబద్ధం కాదు కదా. మధ్యాహ్నం తలుపు తీస్తే పెట్టె పట్టుకుని నువ్వు నిలబడి ఉన్నావు. నేనెలాంటివాణ్నయినా నన్ను వదిలి వెళ్లలేకపోయిందే అనుకున్నాను. ఆ రోజునుంచే రాయాలనిపించింది. ఆ ఒక్క సన్నివేశం కోసమే నవలంతా రాశాను రత్నా.”

“ఎందుకు తిరిగొచ్చావని నన్నొక్కసారీ అడగలేదు.”

“అడగాలా అది?”

“రాసేముందైనా అడగాల్సింది.”

“సరే, ఇప్పుడు అడుగుతున్నాను. ఆదివారం అక్కడ అడిగేదీ అదే. ఆ బెంచీ మీద కూర్చుని ఏమనుకున్నావు?”

“నేను కూర్చోలేదండీ. బత్తాయిలు లేవు, ముసలివాళ్లు లేరు. ప్లాట్‌ఫారం మీద ఇద్దరు పోలీసులు, ఒక కుక్క.”

“పట్టపగలు, అంత పెద్ద స్టేషన్‌లోనా?”

“అది మే నెల. రైల్వే వాళ్ల సమ్మె.”

“సమ్మె...”

“పేపరు రాగానే మీరు ఫ్యాక్టరీకి పట్టుకుపోయేవారు. నాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది.”

“అంటే... ఆ రోజు మీ పుట్టింటికి ఏలూరు బండి ఉండి ఉంటే?”

“ఎక్కేదాన్ని.”

“అది అప్పటి మాట కదా. కోపంలో ఉన్నావు. రత్నా, ఇటు చూడు. మరి ఇప్పుడు?”

“ఇప్పుడు బళ్లన్నీ టైముకే నడుస్తున్నాయటండీ. ఈమధ్య పేపరు ముందు నేనే చదువుతున్నాను.”