బోర్డు మీది పదకొండో పేరు

తుఫాను వెళ్లిన మూడో వారం. బోగోలు మహిళా మండలి కార్యదర్శి ఇందిరమ్మ, ఎవరూ వచ్చి తీసుకోని బియ్యం మూట తానే పట్టుకుని టైలరు మదార్ ఇంటికి వచ్చింది. మదార్ భార్య చాంద్‌బీ వాకిట్లోనే ఎదురైంది.

“వద్దమ్మా. వేరే ఎవరికన్నా ఇయ్యండి.”

“వద్దంటే ఎట్ల చాంద్‌బీ? అందరూ వచ్చి తీసుకుపోయినారు. మీది ఒక్కటే నాలుగు రోజులుగా మండలి గదిలో ఉంది. నీకు కబురు రాలేదా?”

“వచ్చిందమ్మా.”

“మరి?”

“తీరిక లేక.”

“మదార్‌కు పని ఎక్కువగా ఉందా?”

“ఆ... ఉందమ్మా.”

“మిషను చప్పుడు వినపడలేదే.”

“అన్నం తిని పడుకున్నాడు.”

“ఏం వండినావు?”

“ఎండలో వచ్చినారు, కూర్చోండమ్మా. మంచినీళ్లు తెస్తాను.”

“నీళ్లు తర్వాత. తుఫానుకు మీ ఇంటి గోడ పడిపోయిన రోజు నా దగ్గరికి వచ్చి సాయం అడిగింది నువ్వే గదా? నేను తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగి, రైసుమిల్లు వాళ్లను బతిమాలి...”

“మీరు చేసింది తక్కువేం కాదమ్మా. కాకపోతే నేను మీ చెవిలో అడిగినాను. మీరు ఊరికి చెప్పినారు.”

“నేనెవరికి చెప్పినాను?”

“పంచాయతీ బోర్డు మీద అతికించినారు గదమ్మా. సాయం తీసుకునేవాళ్లవి పదకొండు పేర్లు. మాది చిట్టచివర.”

“అదా. మా వాళ్లకే పంచుకున్నామని రేపు ఎవరూ అనకూడదు గదా. చేసే పని నలుగురికీ కనపడాలి.”

“కనపడిందమ్మా. నలుగురూ చదివినారు.”

“నవ్వినారా ఎవరైనా?”

“నవ్వితే పోయేది. కుట్టడానికిచ్చిన గుడ్డలు వెనక్కి తీసుకుపోయినారు.”

“...అందరూనా?”

“అందరూ. కత్తిరించినవి కూడా. తిండికి లేనోడి ఇంట్లో పట్టుగుడ్డ పెడితే అమ్ముకోకుండా ఉంటాడా అని. జానెడు ముక్క మిగిలినా చుట్టి వాళ్లకే ఇచ్చేవాడమ్మా ఆయన. ఇప్పుడు నేను కాజాలు తీయడానికి ఒక్క చొక్కా లేదు ఇంట్లో.”

“మరి నాకు చెప్పొద్దూ?”

“ఏమని చెప్పేది?”

“సరే, వాళ్ల పేర్లు చెప్పు. ఇంటింటికీ పోయి అడుగుతాను. ఆ గుడ్డలన్నీ మళ్లీ ఇక్కడికి తెప్పిస్తాను.”

“ఎందుకులేమ్మా.”

“ఎందుకేంది? చెప్పు.”

“ముందు మీ ఇంటికే పోవాలమ్మా.”

“మా ఇంటికా?”

“మొదట వచ్చింది మీ పాలేరు ఆదెయ్య. పేర్లు అతికించిన సాయంత్రమే. అమ్మగారి నీలం పట్టురవిక తెమ్మన్నారు అన్నాడు. చేతులు ఇంకా అతకలేదు, రేపు నేనే తెచ్చిస్తాను అన్నాడు ఆయన. ఉన్నది ఉన్నట్టు తెమ్మన్నారు అన్నాడు ఆదెయ్య. దారాలు వేలాడుతుండగానే బజారులో పట్టుకుపోయినాడు. తెల్లారి మిగతావాళ్లు వచ్చినారు.”

“అది... మా అత్తగారు పంపించి ఉంటారు. ఆమెకు కొంచెం అనుమానం ఎక్కువ.”

“పెద్దమ్మగారా?”

“ఊ.”

“నిజంగానా అమ్మా?”

“ఆమే అయి ఉంటుంది.”

“ఇంక చాలమ్మా నాకు. ఆ రోజు నుంచీ ఆయన మిషను మీద దుప్పటి కప్పేసి కూర్చున్నాడు. ఊరు ఏమన్నా పడతాను గానీ, మనల్ని ఎరిగిన ఇందిరమ్మగారే నమ్మలేదు చూడు అని ఒకటే మాట. మూట కట్టు, సూళ్లూరుపేట పోదాం అంటాడు. రెండు రోజులుగా ముద్ద ముట్టలేదు.”

“తిని పడుకున్నాడంటివే.”

“అంటిని. ఏం చేసేదమ్మా మరి? మీరు కాదని తెలిస్తే లేస్తాడు. ఈ బియ్యం కూడా తీసుకుంటాడు. ఉండండి, ఒక్క మాట చెప్పి వస్తాను.”

“చాంద్‌బీ.”

“ఇప్పుడే వస్తానమ్మా.”

“నిలువు. ఆయనకు అట్ల చెప్పొద్దు. ఆదెయ్యను పంపింది నేనే.”