ఏడో నెల పిల్ల

శంషాబాద్‌లో ఒక చిన్నపిల్లల ఆసుపత్రి, 2012 వేసవి. పిల్లల్ని తూచే గదిలో ముగ్గురున్నారు: తెనాలి నుంచి వచ్చి స్థిరపడిన నర్సు శాంతకుమారి, ఆవిడ మాట ఒక్కటీ నమ్మకూడదని ఇంటి దగ్గరే తీర్మానించుకొని వచ్చిన పాప నాయనమ్మ సక్కుబాయి, ఎయిర్‌పోర్టు క్యాబు నడిపే ఆమె కొడుకు రాజశేఖర్. అతని భార్య శిరీష పక్కగదిలో పాపకు పాలిస్తోంది.

"తల్లి పాలల్ల పొడి కలుపుడేంది సిస్టరమ్మా? మీ తెనాలి దిక్కు కారప్పొడి గూడ కలుపుతరా?"

"కారప్పొడి కాదమ్మా. నెలలు నిండకుండా పుట్టిన పిల్లకి బలం చాలదని డాక్టరుగారు రాసిచ్చారు. ఇంటికి వెళ్ళాక కలిపారా, లేదా?"

"కలిపినం."

"ఎన్నాళ్ళు?"

"కలిపినమని చెప్తున్న కద."

"ఎన్నాళ్ళో చెప్పండి."

"పొట్లాలు దేవుని పటం ఎనక ఉన్నయి సిస్టర్. ఒక్కటి గూడ చింపలే."

"నువ్వు జర ఊకుంటవా రాజూ? చూడు సిస్టరమ్మా, వీడు గూడ ఏడో నెలల పుట్టిండు. పొడి లేదు, కాటా లేదు. పాలు పిండి కొలిచి పట్టుడు లేదు. కోడలిని గట్ల పిండుమంటున్నరు, అదేమన్న బర్రెనా? బర్రెపాలు నేను వీనికి తాపిన. చెంబెడు చెంబెడు తాపిన. ఏడాది తిరిగేసరికి గుండ్రాయి లెక్క అయిండు."

"ఇప్పుడూ అలాగే ఉన్నారు. రాజశేఖర్ గారూ, మీకు షుగరు ఉందని చెప్పారు కదూ? వయసెంత?"

"ముప్పై, సిస్టర్."

"మాత్రలు వాడుతున్నారా?"

"పొద్దుగాల ఒక గోళి, మాపటికి ఒక గోళి. బీపీది అలగ్, ఇంకోటి."

"గవి ఎయిర్‌పోర్టు కాడి సమోసలు సిస్టరమ్మా. నా పాలు కాదు."

"సమోసాల పాపం సమోసాలదే. కానీ బక్కగా పుట్టిన పిల్లల్ని గబగబా ఉబ్బేలా మేపితే, పెద్దయ్యాక షుగరు, బీపీ వచ్చే ముప్పు ఎక్కువంటారు. అలాగని కడుపు మాడిస్తే మెదడు ఎదగదు. అందుకే ఇన్ని కొలతలు."

"మేపుడేంది? నా కొడుకు దున్నపోతా?"

"ఆమె తప్పేమన్నదే? నువ్వే కద గుండ్రాయి అన్నవ్."

"నేనంటే వేరు. కన్నదాన్ని."

"సరే, పాప సంగతి చూద్దాం. నాలుగు కిలోల ఏడు వందలు. పుట్టి ఐదు నెలలైంది. మీరు ఏడో నెలలో పుట్టిందన్నారు కాబట్టి, ముందొచ్చిన రెండు నెలలూ తీసేసి మూడు నెలల పాప కింద లెక్క కడతాం. ఆ లెక్కన బరువు ఈ కార్డులో ఉండాల్సిన గీత దాటింది."

"దాటింది కద! నడువు రాజూ, ఇగ పోదాం."

"ఆగండమ్మా. తల కొలత మాత్రం మూడు నెలల పాపకి ఉండాల్సిన దానికంటే ఎక్కువుంది. కడుపుతో ఉన్నప్పుడు తీసిన స్కాన్ కాగితం తెమ్మన్నాను, తెచ్చారా?"

"ఎలుకలు కొట్టినయి."

"పోయినసారి వానకి తడిసిందన్నారు."

"తడిసినంకనే కొట్టినయి."

"ఓ అమ్మా, ఎలుకలేంది? స్కాన్ కాగితం నా బండి కాగితాలల్ల ఉన్నది కద. ఇగో ఈ కవర్లనే. ఇది ఆర్సీ, ఇది పొల్యూషన్, ఇది ఇన్సూరెన్స్... ఇగో."

"నోరు పడిపోను! నిన్నెవలు అడిగిన్రురా?"

"ఇటివ్వండి."

"దాన్ల ఏం కనవడది సిస్టరమ్మా. అంత మసక మసక."

"బొమ్మ కాదు, నాకు తేదీ కావాలి. ఈ స్కాన్ తీసిన రోజుకి ఇరవై వారాలు. అక్కడినుంచి కాన్పు దాకా ఇంకో పదిహేను. అమ్మా, ఇది ఏడో నెల కాదు. ఎనిమిదో నెల కూడా నిండబోతోంది."

"మిషినుకేమెర్క?"

"మీకు ఎరుకే కదా. పోనీ, మీరు చెప్పండి."

"పాప ఏడుస్తున్నట్టున్నది, నేను పోయొస్త."

"చూడండి, ఇప్పుడు రెండు నెలలు కాదు, ఒక్క నెలే తీసెయ్యాలి. అంటే నాలుగు నెలల పాప. ఆ లెక్కన బరువు గీత కిందికి పోయింది. ఇన్నాళ్ళూ పిల్లకి చాలీచాలకుండా పడుతుంటే, బాగుంది బాగుంది అని మేం చప్పట్లు కొట్టి పంపించాం!"

"అమ్మా! ఏందే ఇది? నాకెందుకు చెప్పలే?"

"నువ్వేమన్న నెలలు లెక్కపెట్టినవారా? ట్రిప్పులు లెక్కపెట్టినవ్."

"మరి శిరీషకు తెల్సు కద?"

"చెప్తే ఒట్టే అన్న."

"ఎందుకే?"

"ఎందుకేంది? ఏడో నెల పిల్ల నిలుస్తది, ఎనిమిదో నెల పిల్ల నిలువది. లోకమంత ఎర్కే."

"ఇగ సరిపోయింది! మన చెల్కలల్ల ఎయిర్‌పోర్టు కట్టి ఇమానాలు దిగవట్టి నాలుగేండ్లాయె, నువ్వింక గీ ముచ్చట్లకాన్నే ఉన్నవా?"

"అదేం లెక్కమ్మా? పిందె నిలిచి దోరకాయ రాలుతుందా? కడుపులో ఇంకో నెల ఉన్న పిల్ల గట్టిగా ఉంటుంది కానీ!"

"నవ్వుర్రి. ఇద్దరు మంచిగ నవ్వుర్రి. ఎనిమిదని నోట్లకెంచి ఎల్లిందంటే చూసెటోళ్ళు చెయ్యి ఇడుస్తరు. పోయే పిల్లకు పాలు దండుగ అంటరు. గుడ్డల చుట్టి మూలకు పండవెడ్తరు. అదే ఏడన్నవనుకో, బతుకుతది పట్టు పట్టు అని ఉగ్గుగిన్నె చేతికిస్తరు."

"ఆసుపత్రిలో అలా ఎవరూ అనరమ్మా."

"ఏమో, నాకేమెర్క? పాలు ఆపుతరని భయమైంది. ఏడని రాయించిన."

"అమ్మా, గట్ల ఎవలన్నరు నీతోని?"

"ఎవలో అన్నరు."

"ఎవలే?"

"మా అత్త."

"నాయనమ్మనా? నాయనమ్మ పోయి పదేండ్లాయె. శిరీష కాన్పునాడు ఎట్లన్నది? ఏ పిల్లకు పాలు దండుగ అన్నది?"

"సిస్టరమ్మా, కార్డు దిద్దు. ఎనిమిదని రాయి. పాలెన్ని పట్టాల్నో, ఆ పొడెంత కలపాల్నో మల్లొక్కసారి చెప్పు. ఈసారి పటం ఎనక పెట్ట."

"రాస్తున్నానమ్మా. ఎనిమిది. మీరు కూర్చోండి, కొలతలు కూడా రాసిస్తాను."

"అమ్మా, నేనడిగింది చెప్పు. ఏ పిల్లకు?"

"నీకేరా! ముప్పయ్యేండ్ల సంది ఏడో నెలోడివని ఊరంత చెప్పుకచ్చిన బిడ్డా... నీది గూడ ఎనిమిదే."