గుంజీలు తీసిన మీసాలోడు

ఎవుడ్రా పిచ్చోడు? దేముడా? నోర్ముయ్‌రా తారకూ, కాళ్ళిరగ్గొడతాను. నీకేటి తెలుసని? ఆడు సచ్చిపోయి ఇరవయ్యేళ్ళవుతంది, మన పక్కింటోడ్రా ఆడు. మార్కెట్లో బెల్లం దిమ్మలు మోసీవోడు. ఎంత హుషారు మనిషనుకున్నావు, ఆడు నవ్వితే మన దొడ్లో గేదె కూడా ఇటు తిరిగీది. మరేటయిందో, ఓ ఏడాది, తన సెవుల్లో ఎవులో తిడతన్నారనీవోడు. ఆ తిట్లకి తిరిగి అరిసీవోడు. కన్నకూతురు బుజ్జి, ఐదేళ్ళ గుంట, బెదిరిపోయి మనింట్లో దూరీసింది. మీ నాన్నమ్మ పక్కనే పడక.

విశాపట్నం ఆస్పత్రిలో ఉంచేరు, నెమ్మదించేడు. పెళ్ళాం కుమారి ఏళకి మందు మింగించీది. గాని సేతులొణుకు, బరువెత్తలేడు. నర్సమ్మ సెప్పిందంట, "ఖాళీగా కూకోకు దేముడూ, ఏదోటి సేసుకుని ఆడుకో" అని. మీసాలొచ్చినోడు ఆడుకోడమేటని మీ నాన్నమ్మ ఒకటే నవ్వు. ఈడు నిజంగానే మొదలెట్టేడు! సిరిగిన గోనెసంచులు, సెరుకుపిప్పి. జిగురుకి మైదా మనింట్లోదే, మీ నాన్నమ్మ బొబ్బట్లకి దాసింది. అప్పుడు నవ్వలేదులే. ఓరి నాయనో, ఏం బొమ్మల్రా అవి! ఒకదానికి మందుబిళ్ళల అట్ట కత్తిరించి మెరిసే కళ్ళు, ఇంకోదానికి వంకాయంత ముక్కు, ఒకడికి ఎండుటాకుతో ఇంతింత మీసాలు. "ఈడెవుడ్రా, మీ మేస్త్రీయా?" అన్నాను. "కాదు మామా, నా సెవులో తిట్టీవోళ్ళు. ఈళ్ళ మొకాలెలాగుంటాయో సేసి సూత్తన్నాను" అన్నాడు. నవ్వలేక సచ్చేనురా. ఆడూ నవ్వేడు.

అన్నీ బాగున్నాయి గాని బుజ్జి ఆ గుమ్మం ఎక్కదు. "నా కూతురే నన్ను సూసి బెదిరిపోతంటే ఎందుకు మామా ఈ బతుకు" అని కుమిలిపోయీవోడు. గాని ఒక్కనాడూ బలవంతంగా పిలవలేదు. బొమ్మలు అరుగు మీద ఎండబెట్టీవోడు, అంతే. ఓ రోజు ఆ గుంట మన గోడ పక్కనుంచి తొంగి తొంగి సూసి, మెల్లిగా ఆ అరుగు కాడికెల్లింది. "ఇందులో నిన్ను తిట్టినోడెవుడు నాన్నా?" అంది. ఆడు మీసాలోడ్ని సూపించేడు. ఇది నడుం మీద సెయ్యెట్టి, అచ్చం ఇస్కూలు టీచరమ్మే, "ఏరా, మా నాన్నని తిడతావా? తియ్యి గుంజీలు!" బొమ్మేటి తీత్తాది? దేముడే దాని సెవులు పట్టుకుని, కూకోబెట్టి, లేపి, మళ్ళీ కూకోబెట్టి... గొంతు మార్చి, "తప్పయిపోయిందండి బుజ్జిగారూ, మీ నాన్ననింకెప్పుడూ తిట్టనండి" అన్నాడు. ఆ గుంట పడీ పడీ నవ్వి, ఆడి ఒళ్ళోకి దూకీసి...

ఆ ఫేనెయ్యరా. ఉక్కపోత్తంది, కళ్ళల్లోకి సెమటొచ్చేత్తంది.